నిద్రకు తరుగు

సెప్టెంబర్ 12, 2019. గురువారం

ఇది రాయకూడదనే అనుకున్నాను. డైరీలో పెట్టుకోదగ్గ సంగతులు నాకు జరగడం మానేసి చాలా కాలమైంది. పైగా ఇది మా కోడలు అర్చన కంటపడితే మా అబ్బాయి ప్రమోద్‌కి చెబుతుంది, వాడు వీలునామా అనుకుని కంగారు పడతాడు. కానీ విత్తనాల కంపెనీ వాళ్ళిచ్చిన ఈ డైరీ జనవరి నుంచి ఖాళీగా పడుంది. కాగితం దండగైతే నాకు పడదు. నేను బడికి వెళ్ళింది అయిదో క్లాసు దాకా. మిగతా చదువంతా మా నాన్న కొట్లో పొట్లాలు కట్టే పాత పేపర్లలోనే. అందుకే ప్రపంచంలో జరిగినవన్నీ నాకు సగం సగమే తెలుసు. రెండో సగం ఎవరో చింతపండుతో పాటు పట్టుకుపోయారు.

ఈ రోజు రాజాం నుంచి శ్రీకాకుళం వెళ్ళాను, నిద్ర కోసం. ఇంగ్లీషు మందు బిళ్ళలు మింగితే మరునాడు మధ్యాహ్నం దాకా తల మొద్దుబారి ఉంటోంది గానీ నిద్ర మాత్రం రావడం లేదు. ఎవరో చెబితే ఆయుర్వేదం డాక్టరు ఝాన్సీలక్ష్మి గారి దగ్గరికి వెళ్ళాను. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, విజయనగరం పిల్ల. నెమ్మదిగా మాట్లాడుతుంది.

"మీకు విజయ రాస్తున్నానండి. అంటే ఏంటో తెలుసా?"

"తెలుసమ్మా. గంజాయి."

"ఆ ఆకే. కానీ లైసెన్సున్న కంపెనీ తయారుచేసిన నూనె. నా చీటీ లేకుండా ఎవరూ ఇవ్వరు. నాలుక కింద రెండు చుక్కలు, అంతే."

ఆ పేరు వినగానే నాకు పందొమ్మిదో ఏట శ్రీముఖలింగంలో శివరాత్రి గుర్తొచ్చింది. పర్లాకిమిడి నుంచి వచ్చిన బైరాగి ఒకడు గిన్నెడు భంగు ఇచ్చాడు. తాగి, వంశధార ఒడ్డున కూర్చుని, నది ఎదురు దిక్కుకి పోతోందని గంటసేపు నవ్వాను. ఆ తర్వాత ఇసకలో పడి నిద్రపోయాను. అలాంటి నిద్ర మళ్ళీ రాలేదు. డాక్టరమ్మకి ఈ కథ సగం చెప్పేసరికి ఆవిడ బీపీ పట్టీ నా చేతికి చుట్టడం మొదలుపెట్టింది.

పార్వతి అయితే "తర్వాత?" అనేది. పార్వతీదేవి, నా భార్య. పోయి ఏడు నెలలు. బైరాగి కథ ఆవిడ నలభై ఆరేళ్ళలో ఓ రెండొందల సార్లు విని ఉంటుంది. ప్రతిసారీ ఏమీ తెలియనట్టు "తర్వాత?" అనేది. ఇప్పుడీ ఇంట్లో ఆ మాట అనేవాళ్ళు లేరు. "తిన్నారా?" అంటారు. తిన్నానంటాను.

సెప్టెంబర్ 13

రెండు చుక్కలు. చేదు. ఎండుగడ్డి వాసన. మూడు గంటలు నిద్ర పట్టింది.

సెప్టెంబర్ 15

ప్రమోద్ సీసా చూశాడు. "నాన్నా, ఏటిది? కొట్టుకొచ్చే వాళ్ళకి తెలిస్తే పరువుండదు" అన్నాడు. చీటీ చూపించాను. చదివి, మడిచి ఇచ్చేసి కిందికి వెళ్ళిపోయాడు. కింద వాడి ఎరువుల కొట్టు. ఒకప్పుడు అక్కడే నా ధాన్యం కమీషన్ కొట్టు ఉండేది.

సెప్టెంబర్ 19. గురువారం

ఈవేళ ఒక కాగితం ఇచ్చారు. ప్రతి గురువారం రోగి స్వయంగా నింపాలట. నిద్ర ఎలా ఉంది, మనసు ఎలా ఉంది, గాబరా ఎంత, నొప్పి ఎంత. ఎంత బాగుంటే అంత పెద్ద అంకె, సున్నా నుంచి పది దాకా. చివర ఒక ప్రశ్న: ఈ వారంలో బతకడం దండగ అనిపించిందా, ఎన్ని రోజులు?

"నిద్రని తూచే మిషను నా దగ్గర లేదండి. మీరు రాసిందే నాకు ఆధారం" అంది డాక్టరమ్మ. ఇరవై మంది రోగుల మీద ఏదో నివేదిక రాస్తోంది. మందు నెలకి కొంచెమే వస్తుంది. వరసగా మూడు వారాలు ఎవరికి ఏడు దాటితే వాళ్ళకి తగ్గించుకుంటూ వచ్చి ఆపేస్తుంది. ఆపితే గురువారాలు రానక్కర్లేదు.

కాగితం చాలాసేపు చూశాను. నా మనసు ఎలా ఉందని రాతపూర్వకంగా అడిగింది నా జీవితంలో ఇదే మొదలు.

ఈ వారం రోజుకి అయిదు గంటలు పడుకున్నాను. న్యాయంగా ఆరు వెయ్యాలి. నాలుగు వేశాను. ఇందులో అబద్ధమేమీ లేదు. ధాన్యం కొన్నప్పుడు బస్తాకి రెండు కిలోలు తరుగు తీస్తాం. తడి ఉంటుంది, తాలు ఉంటుంది, దారిలో ఆరిపోతుంది. రైతు చెప్పిన తూకాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకున్న వ్యాపారిని నేను చూడలేదు. ఈ నిద్ర కూడా ఇంకా పచ్చి సరుకే. రేపు ఆరాక ఎంత మిగులుతుందో ఎవరికి తెలుసు.

బెంచీ మీద నా పక్కన కూర్చున్న మనిషి నన్ను తేరిపార చూసి "సావుకారూ" అన్నాడు.

జగన్నాధం. సంతకవిటి దగ్గర రైతు. ముప్పై ఏళ్ళు నా కొట్టుకి ధాన్యం తెచ్చాడు. మూడేళ్ళ క్రితం ట్రాక్టరు తొట్టి మీంచి పడ్డాడు. అప్పట్నుంచి నడుం దగ్గర మొదలై కాలంతా మంటట.

"నీకేటి రోగం సావుకారూ?"

"నిద్దర రాదు."

"ముప్పై ఏళ్ళు మా బస్తాల్లో సెయ్యెట్టినోడివి. నిద్దరెలాగొస్తాది?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఎవరితోనైనా కలిసి నవ్వి ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టలేదు.

అతనికి చదువు రాదు. కాంపౌండరు పనిలో ఉంటే అతని కాగితం కూడా నేనే నింపాను. ప్రశ్న చదివాను.

"నిద్ర ఎలాగుంది జగన్నాధం?"

"ఎనిమిదేసీ."

"నొప్పి?"

"దానికీ ఎనిమిదే. బాగున్నాది."

చెబుతూ కాలు రెండు చేతులతో పట్టుకుని ఈ పక్క నుంచి ఆ పక్కకి మార్చుకున్నాడు.

అక్టోబర్ 3. గురువారం

జగన్నాధం మళ్ళీ ఎనిమిది, ఎనిమిది, తొమ్మిది.

"ఇంత బాగుంటే నడవలేక గోడ పట్టుకున్నావేం?" అన్నాను.

"సావుకారూ, నీ కొట్లో బస్తా దించినప్పుడు తడున్నాదని నానెప్పుడైనా సెప్పినానా? మన సరుకు మనం తక్కువ సెప్పుకుంటామేటి?" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఆ పిల్ల మన్ని బాగుసెయ్యాలని అంతలాగ సూస్తంటే, బాగునేదని మొకమ్మీద ఎలాగంటాం" అన్నాడు.

అతను చెప్పినవే రాశాను. ఇక్కడ ఒక విషయం నాకోసం రాసుకోవాలి. ముప్పై ఏళ్ళు ఈ మనిషి బస్తాలో చెయ్యి పెట్టి, గింజ కొరికి, "ఇంకా తడే" అన్నాను. కొన్నిసార్లు నిజంగా తడి ఉండేది. కొన్నిసార్లు గింజ కటుక్కుమని విరిగినా తడి అనే అన్నాను. ఆ చేత్తోనే కలం పట్టుకున్నాను. ఇకనైనా అతని మాటకి తరుగు తీయకూడదనిపించింది. ఎనిమిదంటే ఎనిమిది, తొమ్మిదంటే తొమ్మిది.

ఇంటికొచ్చాక మంచి పని చేశానని తృప్తిగా ఉంది.

నా కాగితంలో మూడు వేశాను.

అక్టోబర్ 4

అయిదున్నర గంటలు. మంచి పని చేసిన రోజు నిద్ర బాగా పడుతుంది కాబోలు.

అక్టోబర్ 10. గురువారం

దసరా అయిపోయింది. డాక్టరమ్మ నా మూడు చూసి బాధపడింది. ఆ అమ్మాయి బాధపడితే ఎడమ కనుబొమ్మ కొంచెం పైకి లేస్తుంది. నాలుగు చుక్కలు చేసింది. జగన్నాధానికి మూడు వారాలు దాటినా ఎనిమిదే వస్తోందని రెండు చుక్కలు ఒకటి చేసింది.

"మంచిదే కదమ్మా" అన్నాడతను.

తర్వాత బయట టీ తాగాం. నౌపడ ఉప్పు కథ చెప్పాను. నాకు ఎనిమిదేళ్ళప్పుడు నాన్నతో నౌపడ స్టేషన్లో దిగి, ఉప్పు పండే కొటార్లలో తెల్లటి గుట్టలు చూసి అవి పంచదారనుకుని పిడికెడు నోట్లో పోసుకున్న సంగతి. నేను ఆగినప్పుడు జగన్నాధం "మరేటి సేసినావు?" అన్నాడు. బస్సు తప్పిపోయినా మొత్తం కథ చెప్పాను.

అక్టోబర్ 17. గురువారం

సిగ్గుపడాల్సిన విషయం. శ్రీకాకుళంలో బొబ్బిలి బస్సెక్కాను, రాజాంలో దిగాలి. చిలకపాలెం దాటాక కన్ను మూసింది. కండక్టరు భుజం తట్టి లేపేసరికి బొబ్బిలి. బస్సు ఖాళీ.

"తాతగారూ, ఎక్కడికెళ్ళాలి?"

"రాజాం."

"అది పోయి గంటయిందండి. రెండుసార్లు లేపినాను. ఇంత నిద్దర నాను సిన్నపిల్లల్లో కూడా సూడలేదు."

ఇంటికి చేరేసరికి అర్చన గుమ్మంలో నిలబడి ఉంది. "ఎక్కడికెళ్ళారు మావయ్యగారూ, భయపడ్డాం" అంది. బొబ్బిలిలో పాత స్నేహితుణ్ణి చూసి వస్తున్నానన్నాను. ఆ స్నేహితుడు పోయి పదేళ్ళయింది.

నోరు ఎండిపోతోంది. నాలుగు చుక్కలు ఎక్కువే. వచ్చే వారం చెప్పాలి.

అక్టోబర్ 24. గురువారం

చెప్పలేదు. నిద్ర మూడు, మనసు మూడు. బస్సులో నిద్ర లెక్కలోకి రాదు, కాగితంలో రాత్రి నిద్రే అడిగారు.

అక్టోబర్ 29

ఉదయం వంటింట్లో పార్వతికి టీ పెట్టమని చెబుతున్నాను. చాలా మామూలుగా, అల్లం వెయ్యమని కూడా చెప్పాను. వెనక అర్చన నిలబడి వింటోంది. టీ పెట్టి ఇచ్చింది. అల్లం వేసింది.

అక్టోబర్ 31. గురువారం

జగన్నాధానికి మందు ఆపేశారు. బాగయ్యాడని. వచ్చే వారం ఒక్కసారి వచ్చి ఆఖరి కాగితం ఇవ్వాలట.

నవంబర్ 7. గురువారం

ఆఖరి కాగితం. అన్నీ తొమ్మిది చెప్పాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చివరి ప్రశ్న చదివాను: బతకడం దండగ అనిపించిందా?

గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు.

"నేదని రాసీ" అన్నాడు.

రాశాను. చెప్పింది చెప్పినట్టే.

నవంబర్ 14. గురువారం

బెంచీ ఖాళీ. ఒక ముసలమ్మ వచ్చి కూర్చుని తన కోడలి సంగతి చెప్పింది. నేను వింటున్నట్టు తల ఊపాను. జగన్నాధానికి బాగయింది, అతను రాడు. నాకు బాగవలేదు, నేను వస్తాను. ఇందులో బాధపడ్డానికేముంది.

మూడు.

నవంబర్ 21

మూడు.

నవంబర్ 28. గురువారం

ట్రాక్టరు కొండబాబు ఎరువుల కొట్టుకి వచ్చాడు. సంతకవిటి వైపు కోతల్లో ట్రాక్టరు తిప్పుతాడు. జగన్నాధం చేను కోతయిందా అని అడిగాను.

"కోతేటండి. పంట నేల్న ఒరిగిపోతంది, ఆయన పగలు మంచం దిగడు. రేత్రుళ్ళు గట్ల మీద తిరుగుతన్నాడని ఊరంతా సెప్పుకుంటన్నారు."

క్లినిక్‌కి వెళ్ళలేదు ఈ రోజు. జ్వరంగా ఉందని ఫోను చేయించాను. జ్వరం లేదు.

నవంబర్ 29. శుక్రవారం

సంతకవిటి దగ్గర దిగి ఆటోలో వెళ్ళాను. ముప్పై ఏళ్ళ వ్యవహారంలో అతని ఇంటికి వెళ్ళడం ఇదే మొదటిసారి. మా పద్ధతి అంతే, ధాన్యం మా దగ్గరికి వస్తుంది, మేం ధాన్యం దగ్గరికి పోం.

అతని భార్య తాయారు గుమ్మంలో నిలబడి "మీరా సావుకారూ" అని లోపలికి పిలిచింది. జగన్నాధం మంచం మీద గోడ వైపు తిరిగి ఉన్నాడు. మాట్లాడించాను.

"ఎన్నాళ్ళయింది పడుకుని?"

"పడుకునే ఉన్నాను కదా."

"నిద్ర."

"మందున్నన్నాళ్ళు ఓ మూడు గంటలు పట్టీది. ఒక్క సుక్క సేసినాక గంట. తర్వాతేటీ నేదు." గోడ వైపే చూస్తూ చెప్పాడు. "మందు పన్జేసింది సావుకారూ. అబద్ధమాడకూడదు."

మూడు గంటలు. ఆ మూడు గంటలకి అతను ఎనిమిది చెప్పాడు, నేను ఎనిమిది రాశాను. నా అయిదు గంటలకి నేను మూడు వేసుకున్నాను. అదీ అతనికి చెప్పాను.

వచ్చేటప్పుడు తాయారు వీధి చివరి దాకా వచ్చింది. "పొలం మందు డబ్బా మా పక్కింట్లో దాసేసినాను" అంది. ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.

నవంబర్ 30

డాక్టరమ్మకి ఫోను చేద్దామని నంబరు తీశాను. ఏం చెప్పాలి? జగన్నాధం అంకెలు తప్పని చెబితే, నీకెలా తెలుసంటుంది. నేనే రాశానంటే, మరి నీ అంకెలో అంటుంది. ఆవిడ అడగకపోయినా నేను చెప్పేస్తాను. నా సంగతి నాకు తెలుసు, మొదలుపెడితే చివరిదాకా చెప్పకుండా ఉండలేను. చెప్పాక గురువారాలు ఉండవు.

ఫోను చెయ్యలేదు.

డిసెంబర్ 1. ఆదివారం

క్లినిక్ ఉండదు.

ముప్పై ఏళ్ళు తరుగు తీయకూడని చోట తీశాను. తీయవలసిన ఒక్కచోట, పెద్దమనిషిలా, తీయలేదు.

మధ్యాహ్నం తాయారుకి ఫోను చేశాను. "ఉన్నాడు" అంది.

డిసెంబర్ 2. సోమవారం

ఉదయం ఆరింటి బస్సుకే వెళ్ళాను. క్లినిక్ తీయకముందే మెట్ల మీద కూర్చున్నాను. ఝాన్సీలక్ష్మి గారు స్కూటీ ఆపి నన్ను చూసి, "ఈ రోజు గురువారం కాదు కదండీ, జ్వరం తగ్గిందా?" అంది.

లోపల కూర్చుని మొత్తం చెప్పాను. ముందు జగన్నాధం సంగతి. అతనికి రాత రాదనీ, నేను రాశాననీ, అతను అబద్ధం చెబుతున్నాడని నాకు తెలిసే రాశాననీ. పక్కింట్లో దాచిన డబ్బా సంగతీ చెప్పాను. ఆవిడ చెయ్యెత్తి నన్ను ఆపి, వెంటనే తాయారుకి ఫోను చేసింది. ఈ రోజే తీసుకురమ్మంది. తను చూస్తాననీ, పెద్దాసుపత్రిలో మనసు డాక్టరుకి కూడా చూపించాలనీ, తనే వెంట వస్తాననీ చెప్పింది. "ఒంటరిగా వదలకండి. రాత్రి కూడా" అని రెండుసార్లు అంది.

ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. "మీరు ఇంకేదో చెప్పాలి."

చెప్పాను. తరుగు గురించి చెప్పాను. ఆవిడ నాన్నగారు బ్యాంకు ఉద్యోగి, ధాన్యం సంగతి తెలియదు. తడి, తాలు, ఆరడం అన్నీ వివరించాను. ఎప్పట్లాగే కొంచెం పక్కదారి పట్టాను. ఆవిడ ఆపలేదు.

"మీరు మూడు వేశారని నేను మందు రెట్టింపు చేశానండి. బొబ్బిలిలో దించారు, బాగానే ఉంది. రోడ్డు దాటుతూ పడిపోయుంటే?"

"తప్పేనమ్మా."

"ఎందుకు చేశారు?"

దీనికి నా దగ్గర కథ లేదు. "కాగితం ఆగిపోతుందని" అన్నాను.

ఆవిడ ఎడమ కనుబొమ్మ లేవలేదు. సొరుగు తీసి నా కాగితాలన్నీ బల్ల మీద పెట్టింది. ఎర్ర పెన్ను తీసుకుంది. "మొదటి వారం. అసలంకె చెప్పండి" అంది.

"ఆరు."

"రెండో వారం?"

ఒక్కో కాగితం, ఒక్కో వారం. ఎప్పుడు పడుకున్నాను, ఎప్పుడు లేచాను, అల్లం టీ రోజు ఏమైంది. గంట పట్టింది. బయట ఇద్దరు రోగులు వచ్చి కూర్చున్నా ఆవిడ లేవలేదు.

చివరికి పెన్ను మూసి, "మీ ఇద్దరి కాగితాలూ నా నివేదికలో పనికిరావు. తీసేస్తున్నాను" అంది. "మీకు మందు అవసరం లేదు. రెండు వారాల్లో తగ్గించి ఆపేద్దాం. ఆ తర్వాత మీరు రానక్కర్లేదు."

ఊరికే రావచ్చా అని అడగబోయాను. అడగలేదు. రోగులు ఎదురుచూస్తున్నారు.

మెట్లు దిగుతుంటే ఆటోలోంచి జగన్నాధాన్ని తాయారూ, ఆవిడ తమ్ముడూ దింపుతున్నారు. నన్ను చూసి "సెప్పీసినావేటి?" అన్నాడు.

"సెప్పీసినాను."

"నీ అంకెలు కూడానా?"

తల ఊపాను. నా భుజం మీద చెయ్యి వేసి మెట్టెక్కాడు. బరువైన చెయ్యి.

డిసెంబర్ 5. గురువారం

మూడు చుక్కలు. నాలుగు గంటలు. ఉన్నదున్నట్టు.

డిసెంబర్ 10

ఒక చుక్క. రాత్రి మెలకువ వచ్చింది. లేచి కూర్చున్నాను. ఎవరినీ పిలవలేదు.

డిసెంబర్ 12. గురువారం

ఆఖరిసారి వెళ్ళాను. కాగితం ఇవ్వలేదు. సీసాలో మిగిలింది జగన్నాధానికి ఇవ్వమన్నాను. ఒకరి చీటీ మందు ఇంకొకరికి ఇవ్వకూడదట. అతనికి విడిగా రాశారు. పెద్దాసుపత్రి బిళ్ళలు కూడా వేసుకుంటున్నాడు.

డిసెంబర్ 19. గురువారం

ఇంట్లోనే.

డిసెంబర్ 21

కొండబాబు చెప్పాడు, జగన్నాధం చేను ఊళ్ళో వాళ్ళే కోసి కుప్ప వేశారట. సగం గింజ రాలిపోయిందట. మిగిలింది రాజాం తెస్తారో, ఎక్కడికి తీసుకెళ్తారో తెలియదు.

అర్చన ఈ రోజు భోజనం దగ్గర "బొబ్బిలిలో మీ స్నేహితుడు ఎవరండీ?" అని అడిగింది. ఎవరూ లేరని చెప్పాను. బస్సులో నిద్రపోయానని చెప్పాను. నవ్వింది. ప్రమోద్ తలెత్తి చూశాడు.

డిసెంబర్ 26. గురువారం

సూర్యగ్రహణం. ఉదయం నుంచి పొయ్యి వెలిగించలేదు. అర్చన నీళ్ళ బిందెల్లో దర్భలు వేసింది. ప్రమోద్ కొట్టు తీయలేదు.

తొమ్మిదిన్నరకి తాయారు ఫోను చేసింది. కంగారుగా ఉంది.

"సావుకారూ, రేత్రి తొమ్మిదింటికి పడుకున్నాడు. ఇంకా నెగలేదు. ఊపిరాడతన్నాది, సూసినాను, గురకెడతన్నాడు. గెరనం పూట పడుకోకూడదంటారు కదా. పొరుగోళ్ళు నెపమంటన్నారు. నెపీనా?"

"లేపొద్దు" అన్నాను.

"మరి గెరనం?"

"ఎవరైనా అడిగితే నేను చెప్పానని చెప్పు."

సరేనంది. ఫోను పెట్టేసింది.

పదకొండు దాటాక గ్రహణం విడిచింది. అర్చన ఇల్లు కడగడం మొదలుపెట్టింది. నేను స్నానానికి వెళ్ళాను.